తొమ్మిదో గడిలో ఒక విశేషణం

కృపామణి మా ఇంటికి వచ్చింది పంతొమ్మిది వందల ఎనభై ఆరు ఆగస్టులో, ఒక ఆదివారం ఉదయం. నేను పదవీ విరమణ చేసి నరసరావుపేటలో స్థిరపడి అప్పటికి మూడేళ్లు. ఆ అమ్మాయి ఆదివారం ఆరాధన మానుకొని వచ్చిందంటే పని గట్టిదే అయి ఉండాలని, గేటు తీస్తున్నప్పుడే అనుకున్నాను. వెంట ఆమె తండ్రి బాలశౌరి ఉన్నాడు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. వేళ్ల చివరలు కాలి తెల్లబడ్డాయి, గోళ్లు సరిగా లేవు.

"వందనాలయ్యా" అన్నాడు తలగుడ్డ తీసి.

వరండాలో రెండు కుర్చీలు వేయించాను. కృపామణి ఒకదానిలో కూర్చుంది. బాలశౌరి మెట్టు మీద కూర్చున్నాడు.

"నాన్నా, కుర్చీ ఉంది."

"ఉండనీలేమ్మా. నాకిక్కడ గాలి బాగుంది."

నేను రెండోసారి పిలవలేదు. ఒకసారి మర్యాదగా చెప్పిన తర్వాత మళ్లీ బలవంతం చేయడం నా అలవాటు కాదు.

గురజాలకు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఒక ఎయిడెడ్ ఉన్నత పాఠశాలకు నేను పద్దెనిమిది సంవత్సరాలు ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశాను. కృపామణి అందులో సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయురాలిగా ఎనభైలో చేరింది. నా దగ్గర మూడేళ్లు పనిచేసింది. ఆమె ఇప్పుడు చేతిసంచిలోంచి తీసి నా ముందు పెట్టినది పాఠశాల యాజమాన్య సంఘం ఇచ్చిన నోటీసు. ఆమె ప్రొబేషన్ ఇంతవరకు పూర్తి అయినట్టు ప్రకటించలేదు. ఇకముందు ప్రకటించే ఉద్దేశం లేదు. ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో తెలియజేయవలెను. కారణం కింద ఒకే ఒక్క వాక్యం ఉంది. మాజీ ప్రధానోపాధ్యాయులు వరుసగా మూడు సంవత్సరాల రహస్య నివేదికల్లో ఆమె స్వభావాన్ని 'డిఫిడెంట్' అని పేర్కొని ఉన్నారు గనుక, అట్టి వ్యక్తి తరగతిని అదుపులో ఉంచజాలదు.

ఆ మాట నాదే. ఇక్కడ కొంత వివరించాలి.

ఏటా మార్చి నెలలో ప్రధానోపాధ్యాయుడు ప్రతి ఉపాధ్యాయుని గురించీ రహస్య నివేదిక రాసేవాడు. అందులో తొమ్మిదో గడి 'స్వభావము'. చుట్టుపక్కల పాఠశాలల్లో నా సహోద్యోగులు ఆ గడిలో అందరికీ కలిపి 'గుడ్' అని రాసి కింద చుక్కలు పెట్టుకుంటూ పోయేవారు. నాకు అది సోమరితనంగా కనిపించేది. మనుషులు పదిమంది ఉన్నప్పుడు విశేషణాలు కూడా పది ఉండాలి. ఎప్పుడూ నవ్వించే సీనియర్ అసిస్టెంటు మస్తాన్‌రావుకు 'జోవియల్' అని రాశాను. డ్రాయింగు మాస్టారికి 'మెథాడికల్' అని రాశాను. కృపామణి గడి దగ్గర మాత్రం నిఘంటువు ముందేసుకుని అరగంట ఆగాను.

స్టాఫ్ మీటింగుల్లో ఆ అమ్మాయి తలుపు పక్క బల్ల మీద కూర్చునేది. నోరు విప్పేది కాదు. ఏదైనా అడిగితే "అవును సార్", "సరే సార్". దీన్ని 'షై' అనవచ్చు, కాని అది చిన్నపిల్లల మాట. 'టిమిడ్' అంటే పిరికితనం ధ్వనిస్తుంది. 'కాయ్' అంటే వయ్యారంగా సిగ్గు నటించడం, అది ఒక స్త్రీ గురించి ఒక పెద్దమనిషి అధికార పత్రంలో రాయదగినది కాదు. 'బ్యాష్‌ఫుల్' అంటే నలుగురి చూపూ పడితే ముడుచుకుపోవడం. ఆమె ముడుచుకుపోవడం నేను చూడలేదు. చివరకు 'డిఫిడెంట్' దొరికింది. తన శక్తి మీద తనకే నమ్మకం చాలకపోవడం. గౌరవప్రదమైన మాట, కొంచెం జాలి కూడా కలిసిన మాట. రాసి, సిరా ఆరేదాకా దాన్ని చూస్తూ కూర్చున్నానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. తర్వాతి రెండేళ్లూ అదే మాట మళ్లీ రాశాను. సరైన మాట దొరికాక మార్చవలసిన అవసరం కనిపించలేదు.

నోటీసు చదివి కళ్లద్దాలు తీశాను. "నేను మంచి ఉద్దేశంతోనే రాశానమ్మాయ్. దాన్ని వాళ్లు ఇలా వాడుకుంటారని అనుకోలేదు. కావాలంటే దానిలో నింద లేదని ఒక ఉత్తరం రాసి ఇస్తాను."

"ఆ మాటకు అర్థం నాకు తెలుసు సార్. అర్థం రాసిమ్మని రాలేదు" అంది కృపామణి. "నేను మీటింగుల్లో ఎందుకు మాట్లాడలేదో విద్యాశాఖ ఆఫీసరుగారికి చెప్పండి. గురువారం విచారణకొస్తున్నారు."

"ఎందుకు మాట్లాడలేదో నీకు తెలియాలి గాని నాకెలా తెలుస్తుంది?"

ఆమె నా ముఖంలోకి సూటిగా చూసింది. "మీరు మాట్లాడొద్దన్నారు గదండీ."

తర్వాత ఆమె చెప్పినది ఇది. చేరిన నెలలోనే మొదటి స్టాఫ్ మీటింగు జరిగింది. మా పాఠశాలలో శనివారం మధ్యాహ్నం గదులూ వరండాలూ ఊడ్చే పని పిల్లలదే. డ్రిల్లు మాస్టారు పేర్లు చదివేవాడు. చదివే పేర్లన్నీ క్రైస్తవ పేట పిల్లలవే. ఆ మీటింగులో కృపామణి లేచి, ఆ పేర్లు వరస పెట్టి హాజరు పట్టీలోంచి చదివితే బాగుంటుందని, అప్పుడు అందరి పిల్లలకూ వంతు వస్తుందని అంది. మర్నాడు ఉదయం అటెండరు జహంగీర్ సర్క్యులర్ పుస్తకం పట్టుకుని ఆమె తరగతికి వచ్చాడు. జూనియర్లు మీటింగులో మాట్లాడరాదని అందులో నా చేతిరాతతో ఉంది. చదివి సంతకం పెట్టింది.

"ఆ పుస్తకం చూపించమంటే చెదలు తిన్నాయంటున్నారు. స్టాఫులో ఎవురూ నోరు విప్పరు. మీరొక్కరే ఉన్నారు సార్."

"నాకు అలాంటిదేదీ జ్ఞాపకం లేదు" అన్నాను.

మెట్టు మీంచి బాలశౌరి తల తిప్పాడు. "అయ్యా, ఆ రోజు ఇంటికొచ్చి చెప్పింది. నేనే అన్నా, పెద్దాయన చెప్పారు గదమ్మా, ఇనాల, మన మంచికే అయ్యుంటదీ అని. ఇన్నది. ఇంటే ఇట్టా అయింది."

"జ్ఞాపకం వస్తే తప్పకుండా చెబుతాను. రానిది మాత్రం చెప్పలేను. నేను ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టు మాట్లాడే మనిషినని మీకు తెలుసు."

"తెలుసు సార్. అందుకే వచ్చాం" అని కృపామణి లేచింది.

వాళ్లు వెళ్లాక నా భార్య లీలావతి టీ కప్పులు తీయడానికి వచ్చింది. "ఏమండీ, ఆ పిల్లనేనా మీరు బెదురు గొడ్డని రాసింది?"

"బెదురు గొడ్డని రాయలేదు. ఆ మాటకు తెలుగులో సరైన పదం లేదు."

"తెలుగులో లేకపోతే మానె. మీ మొహంలోకి చూసి అట్టా మాట్టాడిన మనిషిని మనింట్లో నేను ఇంతవరకు చూళ్లేదు. నాకే చేతకాదు."

"నీకు చేతకానిది ఏదీ లేదులే."

"మీ దగ్గర మాత్రం చానా ఉన్నయ్యి" అని ఆమె లోపలికి వెళ్లింది.

మంగళవారం ఉదయం గడ్డం గీసుకుంటూ ఉండగా ఆ సర్క్యులరు మొత్తం నాకు జ్ఞాపకం వచ్చింది. జ్ఞాపకం వచ్చిందనడం కూడా పూర్తి నిజం కాదేమో. ఆదివారం నాడు నేను దాన్ని వెతకలేదు, అంతే. వాక్యం వాక్యంగా వచ్చింది. 'సిబ్బందిలోని జూనియర్ సభ్యులు, ఆహ్వానించబడిన సందర్భాలలో తప్ప, సమావేశములందు తమ అభిప్రాయములు వెలిబుచ్చకుండుట సంప్రదాయమునకు శోభనిచ్చును.' రాసినప్పుడు నాకది ఎంతో నచ్చింది. సిబ్బందిలో జూనియర్ అనదగిన మనిషి ఒకే ఒక్కరు. అయినా బహువచనం వాడాను. పేరు రాయలేదు. దాన్ని నేను అప్పట్లో నా సభ్యత అనుకున్నాను.

ఎందుకు రాశానో అది కూడా వచ్చింది. మీటింగు జరిగిన సాయంత్రం యాజమాన్య సంఘం కరస్పాండెంటు బసవపున్నయ్య గారు నన్ను తన ఇంటికి పిలిపించారు. ఊరికి ఆసామీ. పాఠశాల స్థలం వారి తండ్రి ఇచ్చినది. "ఏందండీ రాఘవయ్య గారూ, నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల చీపురు ఎవురు పట్టాల్నో మనకు చెప్పిద్దా? రేపు మా మనవడి చేతికిస్తారా ఏంది?" అన్నారు. నేను ఆయనతో వాదించలేదు. ఆ అమ్మాయి అడిగిన తీరు కొంచెం దుడుకుగా ఉందని నాకూ అనిపించినట్టు ఒప్పుకున్నాను. నిజానికి దుడుకుతనం ఏమీ లేదు. చేతులు కట్టుకుని, మెల్లగా, విషయం మాత్రమే చెప్పింది. నా దగ్గర చదువుకున్న ఏ విద్యార్థీ అంత చక్కగా ఒక ప్రతిపాదన చేయలేదు.

అంటే ఆ నోరు నేనే మూయించాను. మూడు మార్చి నెలలు వరుసగా, మూసిన నోటిని చూసి, దానికి పేరు వెతికాను.

"గురువారం వెళ్లి చెప్పేస్తాను" అన్నాను లీలావతితో.

"ఏమని?"

"రాసింది నేనేనని."

గురువారం పొద్దున ఆమె నా తెల్ల పంచె, లాల్చీ ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టి ఉంచింది. ఆ పని ఆమె అడగకుండా చేసి చాలా కాలమైంది.

బడి దగ్గర బస్సు దిగేసరికి మస్తాన్‌రావు స్వయంగా ఎదురొచ్చాడు. నా తర్వాత ప్రధానోపాధ్యాయుడు అతనే. "సార్, మీ ఇంగ్లీషు వినక మూడేళ్లయింది. మా చెవులు తుప్పు పట్టినయ్యి. ఇయ్యాల కాస్త నూనె పోసి పోవాల" అని చేయి పట్టుకున్నాడు. నేను నవ్వాను. గేటు దగ్గర పిల్లలు రెండు వరుసల్లో నిలబడి నమస్కారం పెట్టారు. మెడలో బంతిపూల దండ పడింది. వద్దనలేదు. కొత్తగా కట్టిన గది ముందు నిలబెట్టారు. తలుపు పైన పచ్చ రంగు బోర్డు మీద తెల్లని అక్షరాలు ఇంకా తడిగా ఉన్నాయి. రాఘవయ్య గ్రంథాలయం.

బసవపున్నయ్య గారు గది లోపల కుర్చీలో ఉన్నారు. వయసు మీద పడింది, చేతికర్ర వచ్చింది. "దసరా తర్వాత ప్రారంభోత్సవం. మీరే రిబ్బను కత్తిరించాల" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "ఆ పిల్ల ఏదో మెమో అంటంది. లేనిపోని గోల మనకెందుకు? మీరు రాసింది రాసినట్టు చెప్పండి, చాలు. పాత పుస్తకాలు బయటికొస్తే చీపుర్ల సంగతి పేపర్లో పడుద్ది. పడితే సంతకం ఎవురిదండీ? ముందు పడేది మీ పేరేగా."

అందులో బెదిరింపు లేదు. ఆయన నా మేలు కోరుతున్నట్టే చెప్పారు.

విచారణ జరిగింది పూర్వం ప్రధానోపాధ్యాయుడిగా నేను కూర్చున్న గదిలోనే. విద్యాశాఖ నుంచి వచ్చిన అధికారి ముప్పై అయిదేళ్ల లోపు వాడు, మర్యాదస్తుడు. నేను లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు. కృపామణి గోడ వారగా ఒక కుర్చీలో ఉంది. మస్తాన్‌రావుతో పాటు సిబ్బంది కొందరు వెనక బల్లల మీద ఉన్నారు. కిటికీ బయట బాలశౌరి తలగుడ్డ కనిపిస్తోంది.

"సార్, మొదట మీరు ఈ పదం ఎందుకు ఎంచుకున్నారో చెప్పండి" అన్నాడు అధికారి.

అక్కడ నేను చెప్పవలసినది రెండే వాక్యాలు. బస్సులో మూడుసార్లు నాలో నేను అనుకుంటూ వచ్చిన వాక్యాలు. కాని అతను అడిగినది ఆ పదం గురించి. నేను ఆ పదం గురించి మొదలుపెట్టాను.

మన భాషలో సిగ్గు, బిడియం, బెరుకు, జంకు, మొహమాటం అని ఎన్ని మాటలున్నాయో, ఏది ఎక్కడ చెల్లుతుందో చెప్పాను. పెళ్లిపీటల మీద పిల్లకు ఉండేది సిగ్గు. అధికారి ముందు రైతుకు ఉండేది జంకు. చుట్టం పెట్టిన రెండో గరిటె వద్దనలేకపోవడం మొహమాటం. ఆంగ్లంలో 'షై' బెదిరే గుర్రానికీ చెల్లుతుంది, మనిషికీ చెల్లుతుంది. 'బ్యాష్‌ఫుల్' చూపుకు సంబంధించినది, 'టిమిడ్' ప్రమాదానికి సంబంధించినది, 'డిఫిడెంట్' ఆత్మవిశ్వాసానికి సంబంధించినది. దాని లాటిన్ మూలంలో ఉన్నది నమ్మకం అన్న మాటే. ఒక వ్యక్తి ధైర్యవంతుడై ఉండి కూడా డిఫిడెంట్ కావచ్చు. పండితుడై ఉండి కూడా కావచ్చు. ఒక్కొక్కదానికీ రెండేసి వాక్యాలు ఉదాహరణగా ఇచ్చాను. నా గొంతు నాకే బాగుంది. ఇరవై నిమిషాలు మాట్లాడాను. అధికారి కలం ఆపకుండా రాసుకున్నాడు. మస్తాన్‌రావు తల ఊపుతూనే ఉన్నాడు.

నేను ఊపిరి తీసుకున్నప్పుడు అధికారి అడిగాడు. "చాలా విలువైన విషయాలు చెప్పారు. ఇంకొక్కటి. ఈమె సమావేశాల్లో మాట్లాడరాదని మీరు ఏదైనా ఆదేశం ఇచ్చారా?"

"పాఠశాల క్రమశిక్షణ కోసం పద్దెనిమిదేళ్లలో ఎన్నో సర్క్యులర్లు ఇచ్చాను" అన్నాను. "ఏ ఒక్క వ్యక్తినీ ఉద్దేశించి, పేరు పెట్టి, ఏ ఒక్కటీ ఇవ్వలేదు."

ప్రతి అక్షరమూ నిజమే.

కృపామణి లేచింది. "సార్, నేనొకటి అడగొచ్చా?" అధికారి తల ఊపాడు. ఆమె నా వైపు తిరిగింది. "మొదటి మీటింగులో నేను లేచి మాట్లాడానా లేదా? పిల్లల పేర్లు వరసగా చదవమని అడిగానా లేదా?"

"ఈవిడ బాగానే మాట్లాడుతున్నారే" అన్నాడు అధికారి మస్తాన్‌రావుతో.

"ఇయ్యాల ఉద్యోగం పోయిద్దని మాట్టాడతంది సార్. క్లాసులో పిల్లిపిల్ల" అన్నాడు మస్తాన్‌రావు. నలుగురూ నవ్వారు. జోవియల్ అని రాసినది నేనే గదా.

ఆమె నవ్వు ఆగేదాకా నిలబడే ఉంది. అడిగిన ప్రశ్న వెనక్కి తీసుకోలేదు. కిటికీలోంచి బాలశౌరి చూస్తున్నాడు. నా మెడలో పూలదండ ఇంకా ఉందన్న సంగతి అప్పుడు గమనించాను. తీయడానికి అది సమయం కాదు.

"ఆరేళ్ల కిందటి మాట. నాకు జ్ఞాపకం లేదు" అన్నాను.

"చాలు సార్" అని కూర్చుంది. ఆ తర్వాత అధికారి అడిగిన వాటికి సూటిగా, క్లుప్తంగా జవాబులు చెప్పింది. తన తరగతి ఫలితాలు ఏడాది వారీగా చెప్పింది. ఆమెకు బాసటగా సిబ్బందిలో ఒక్కరూ నోరు తెరవలేదు. దసరా సెలవుల లోపలే ఆమెను తొలగిస్తూ ఉత్తర్వు వెళ్లిందని, అందులో మాజీ ప్రధానోపాధ్యాయుల పాండిత్యపూర్ణమైన వాఙ్మూలాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించారని మస్తాన్‌రావు నాకు ఉత్తరం రాశాడు. ఆమె స్థానంలో వచ్చినది బసవపున్నయ్య గారి మేనకోడలు.

విచారణ అయిన సాయంత్రం నన్ను నరసరావుపేట బస్సు దాకా అందరూ వచ్చి సాగనంపారు. బస్సు నిండి ఉంది. మెట్లెక్కి లోపలికి వెళ్లాక చూశాను. మధ్య వరుసలో ఇద్దరు కూర్చునే సీటులో కృపామణి, బాలశౌరి ఉన్నారు. వెనక్కి దిగిపోవడానికి వీలు లేదు. కింద నా కోసం ఇంకా చేతులు ఊపుతున్నారు.

బాలశౌరి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "కూచోండయ్యా."

"కూచో నాన్నా" అంది కృపామణి తల తిప్పకుండా. "ఆ సీటు మనం టిక్కెట్టు కొన్నది."

"పెద్దాయన నిలబడ్డారమ్మా."

"నువ్వు పెద్దోడివి కాదా? అరవై రెండు నీకు."

"ఊరుకో. చూస్తన్నారు" అని అతను పైన కమ్మీ పట్టుకున్నాడు. గోళ్లు సరిగా లేని ఆ వేళ్లు నా ముఖానికి దగ్గరగా ఉన్నాయి. "కూచోండయ్యా. నాకు నిలబడటం అలవాటే."

వద్దు, నువ్వే కూర్చో అనవలసిన క్షణం ఒకటి వచ్చింది. అది వెళ్లిపోయేదాకా చూశాను. తర్వాత కూర్చున్నాను.

కృపామణి వెంటనే లేచింది. సంచి భుజానికి తగిలించుకుని, నన్ను తగలకుండా దాటి వెళ్లి, తండ్రి పక్కన కమ్మీ పట్టుకుని నిలబడింది. నా పక్క సీటు ఖాళీ అయింది. నిలబడ్డవాళ్లలో ఒకావిడ చంకలో బిడ్డతో అటు రాబోయి, ఆ తండ్రీకూతుళ్లను, నన్ను, నా మెడలోని దండను మార్చి మార్చి చూసి, ఏమనుకుందో ఏమో, అక్కడే ఆగిపోయింది.

పిడుగురాళ్ల దాకా ఎవరూ కూర్చోలేదు. బట్టీల పొగ కిటికీలోంచి లోపలికి వచ్చాక వాళ్లు తలుపు వైపు కదిలారు. బాలశౌరి దిగబోతూ వెనక్కి తిరిగి, "ఉంటామయ్యా" అన్నాడు. అతని మర్యాదలో లోటేమీ లేదు. కృపామణి అప్పటికే దిగి, రోడ్డు దాటుతోంది.

నేను తల ఊపాను. అతను నా జవాబు కోసం ఒక క్షణం ఆగాడు. కండక్టరు విజిలు వేశాడు.